క్లాసులో పిల్లల సంఖ్య తగ్గిస్తామని ప్రభుత్వం చెప్తే, అది మీ పిల్లల గది దాకా వచ్చిందో లేదో చూసుకోవడం ఎలా?

ప్రైమరీ స్కూళ్లలో ఇకమీదట క్లాసుకి ఇంతమందికి మించి పిల్లలు ఉండరని ప్రభుత్వం ప్రకటించగానే అందరి చూపూ ఆ అంకె మీదికే పోతుంది. 20 మందా, 25 మందా, 30 మందా అని చర్చలు మొదలవుతాయి. అంకె సంగతి తర్వాత చూడొచ్చు. ఒక క్లాసుని రెండు చెయ్యాలంటే అదనంగా ఒక టీచరు కావాలి, ఒక గది కావాలి. ఈ రెండూ ఎక్కణ్ణుంచి వస్తాయో చెప్పని ప్రకటన ఎంత మంచి అంకె చెప్పినా కాగితం మీదే ఉండిపోతుంది, లేదంటే ఇంకో క్లాసు మెడకి చుట్టుకుంటుంది. తల్లిదండ్రులైనా, స్కూలు కమిటీలో ఉన్నవాళ్లైనా, టీచర్లైనా ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఏం చదవాలి, ఏం లెక్కపెట్టాలి, ఎవర్ని ఏం అడగాలి అన్నది చెప్తాను.

ముందు, వాళ్లు చెప్తున్నది ఏ అంకె?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. ప్రభుత్వాలు మామూలుగా చెప్పేది విద్యార్థి-ఉపాధ్యాయ నిష్పత్తి, అంటే మొత్తం పిల్లల్ని మొత్తం టీచర్లతో భాగిస్తే వచ్చేది. మీకు కావాల్సింది ఒక గదిలో ఒక టీచరు ముందు ఎంతమంది కూర్చున్నారన్నది. ఈ రెండూ ఒకటి కావు. ఒక స్కూల్లో 180 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు ఉన్నారనుకోండి. నిష్పత్తి 30, రిపోర్టులో చక్కగా కనిపిస్తుంది. కానీ హెడ్‌మాస్టర్‌కి ఆఫీసు పనే సరిపోతుంది, ఇంకో టీచరు జీతం ఇక్కడే తీసుకుంటున్నా డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తున్నారు. మిగిలిన నలుగురికీ తలా 45 మంది. రిపోర్టు అబద్ధం చెప్పలేదు, కానీ మీ పాప కూర్చున్న గది గురించి కూడా ఏమీ చెప్పలేదు.

సగటు ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. ఒక ఊళ్లో రెండే క్లాసులు ఉన్నాయి, ఒకదాంట్లో 10 మంది, ఇంకోదాంట్లో 50 మంది. సగటు 30, టార్గెట్ 30, అందరూ హ్యాపీ. ఇప్పుడు అదే లెక్క పిల్లల వైపు నుంచి వెయ్యండి: 60 మందిలో 50 మంది పిల్లలు 50 మంది ఉన్న గదిలోనే ఉన్నారు, పదిమంది మాత్రమే చిన్న క్లాసులో ఉన్నారు. ఒక్కో పిల్లాడు తన క్లాసులో ఎంతమందిని చూస్తున్నాడో అడిగి సగటు తీస్తే 43 దాటుతుంది. పట్టణాల్లో కిక్కిరిసిన స్కూళ్లు, మారుమూల దాదాపు ఖాళీగా ఉన్న స్కూళ్లు రెండూ ఉన్న ఏ ప్రాంతంలోనైనా సగటు ఇలాగే మురిపిస్తుంది. అందుకే ప్రకటనలో "సగటున" అన్న మాట కనిపిస్తే దాని కింద గీత గీసి పెట్టుకోండి.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఈ తేడా చట్టంలోనే కనిపిస్తుంది. అక్కడ 2002లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకుని మూడో తరగతి దాకా 18 మంది, నాలుగు నుంచి ఎనిమిది దాకా 22 మంది, ఆపైన 25 మంది అని పరిమితి పెట్టుకున్నారు. అమలు మాత్రం మెట్లుమెట్లుగా జరిగింది: మొదట జిల్లా సగటు చూశారు, తర్వాత స్కూలు సగటు, చివరికి 2010 నుంచి గది గదీ లెక్కించాలన్నారు. అసలు కష్టం ఆ మూడో మెట్టు దగ్గరే మొదలైంది. తర్వాత కొన్ని రకాల స్కూళ్లని మళ్లీ స్కూలు సగటు దగ్గరికే తీసుకొచ్చారు, ఏయే సబ్జెక్టులకి పరిమితి వర్తిస్తుందో ఆ జాబితానీ కుదించారు. మీ దగ్గర వచ్చిన ప్రకటన ఈ మూడు మెట్లలో ఏ మెట్టు మీద ఉందో కనుక్కుంటే సగం విషయం తెలిసిపోయినట్టే.

భారతదేశపు విద్యాహక్కు చట్టం ఇంకో రకం ఉదాహరణ. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం షెడ్యూల్ ప్రకారం, ఒకటి నుంచి ఐదు తరగతుల స్కూల్లో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 121 నుంచి 200 దాకా ఐదుగురు, 150 దాటితే వాళ్లకి తోడు ఒక హెడ్‌మాస్టర్ ఉండాలి. మొదటి వరస మళ్లీ చదవండి. 60 మంది, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. నిష్పత్తి 30, చట్టం సరిగ్గా అమలైనట్టే లెక్క. అయినా ఒక టీచరు రెండు తరగతుల్నీ, ఇంకో టీచరు మూడు తరగతుల్నీ ఒకే గదిలో పెట్టుకుని, ఒకళ్లకి అక్షరాలు దిద్దిస్తూ ఇంకొకళ్లకి భాగహారం చెప్పాలి. ఇలాంటి చోట సంఖ్య తగ్గించమని అడగడం వృథా, అడగాల్సింది తరగతికో టీచరు. మీ స్కూలు సమస్య కిక్కిరిసిపోవడమా, తరగతులు కలిసిపోవడమా అన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే రెంటికీ మందు వేరు.

సొంతంగా లెక్కపెట్టుకోండి

ఇది పెద్ద పనేం కాదు, ఒక తెల్లకాగితం చాలు. ఒక్కో తరగతికి, సెక్షన్‌కి నాలుగు విషయాలు రాసుకోండి: రిజిస్టర్‌లో ఎన్ని పేర్లున్నాయి, ఒక మామూలు రోజున ఎంతమంది వచ్చారు, ఆ గదిలో ఇంకో తరగతి కూడా కూర్చుంటుందా, ఆ రోజు పాఠం చెప్పింది ఎవరు. సెలవుల ముందు రోజో, స్కూళ్లు తెరిచిన మొదటి వారమో వెళ్లొద్దు, అప్పటి సంఖ్య దేనికీ పనికిరాదు. వారం మధ్యలో వెళ్లండి, అదీ రెండు మూడు వారాలు. హెడ్‌మాస్టర్‌కి చెప్పి చెయ్యడమే మంచిది. చాలామంది హెడ్‌మాస్టర్లకి టీచర్లు తక్కువున్నారన్న బాధ మీకంటే ఎక్కువే ఉంటుంది, ఆ లెక్క బయటివాళ్లు పట్టుకొస్తే వాళ్లకీ పై ఆఫీసు దగ్గర ఆధారం దొరుకుతుంది.

రిజిస్టర్‌లో 38 పేర్లు, రోజూ వచ్చేది 26 మంది అయితే అది హాజరు సమస్య, దాన్ని సంఖ్య సమస్యగా చూపిస్తే అవతలివాళ్లు మొదటి నిమిషంలోనే కొట్టిపారేస్తారు. రెండూ విడివిడిగా రాయండి.

గదిలో ఉన్నప్పుడు ఇంకొకటి గమనించండి, నోటుపుస్తకాలు. ఒక్కో పుస్తకం దిద్దడానికి రెండు నిమిషాలు వేసుకున్నా 45 పుస్తకాలకి గంటన్నర పడుతుంది, అదే 20 అయితే 40 నిమిషాల్లో అయిపోతుంది. ఐదారు పుస్తకాలు తిరగేస్తే తెలిసిపోతుంది: ఎర్ర ఇంకు టిక్కు ఒక్కటే ఉందా, లేక "ఇక్కడ అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావు" లాంటి మాట ఏమైనా రాసుందా. ఎక్కువమంది పిల్లలున్న టీచరు ఎంత మంచివాళ్లైనా టిక్కులతోనే సరిపెట్టుకుంటారు, ఇంకేం చెయ్యగలరు? మీ ఉత్తరంలో నిష్పత్తుల కంటే ఇలాంటి వివరం ఎక్కువ పనిచేస్తుంది.

ఏ తరగతులకి తగ్గిస్తున్నారు, ఎంత తగ్గిస్తున్నారు?

ఈ విషయంలో అందరూ పేరెత్తే పరిశోధన ఒకటుంది. 1985 నుంచి 1989 దాకా అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 79 స్కూళ్లలో, 11 వేలకి పైగా పిల్లలతో చేశారు. దాని పేరు స్టార్. పిల్లల్నీ టీచర్లనీ లాటరీ పద్ధతిలో మూడు రకాల క్లాసుల్లో వేశారు: 13 నుంచి 17 మంది ఉండే చిన్న క్లాసు, 22 నుంచి 25 మంది ఉండే మామూలు క్లాసు, అదే మామూలు క్లాసుకి తోడుగా ఒక సహాయకురాలు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా చూస్తే చిన్న క్లాసు పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. పేద పిల్లలకీ నల్లజాతి పిల్లలకీ లాభం ఇంకా ఎక్కువ. సహాయకురాలిని పెట్టిన క్లాసుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

దీంట్లోంచి మీరు పట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, తగ్గింపు బాగా పెద్దది, దాదాపు మూడో వంతు, అదీ చిన్న తరగతుల్లో. 48 నుంచి 44కి తగ్గించి "పరిశోధనలు చెప్తున్నాయి" అని ఎవరైనా అంటే ఆ పరిశోధన వీళ్లకి సాక్ష్యం చెప్పదు. రెండోది, "టీచర్ని ఇవ్వలేం గానీ హెల్పర్‌ని ఇస్తాం" అన్న బేరానికి తలూపే ముందు ఆలోచించుకోండి.

అలాగే పక్క తరగతుల్ని కూడా చూడండి. ఇంగ్లండులో 1998 చట్టం ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల క్లాసులో ఒక టీచరుకి 30 మందికి మించకూడదు, 2001 సెప్టెంబరు కల్లా ఇది పూర్తిగా అమల్లోకి రావాలన్నారు. ఆ పైన ఉన్న ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకి ఆ చట్టంలో పరిమితి లేదు. ఉన్న టీచర్లనే చట్టం ఉన్న తరగతులకి సర్దితే మిగతా తరగతులు లావెక్కుతాయని వేరే చెప్పక్కర్లేదు. మీ కాగితం మీద ఒకటో తరగతి 28కి తగ్గి, నాలుగో తరగతి 36 నుంచి 43కి పెరిగి ఉంటే అది తగ్గింపు అనిపించుకోదు, ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టడం.

31వ పిల్లాడు వస్తే ఏం చేస్తారు?

ఈ ప్రశ్న అడగడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే జవాబు చెప్పడానికి అవతలివాళ్లు కాసేపు ఆగాల్సిందే. పరిమితి 30 అయితే 31వ పేరు నమోదైనప్పుడు దారులు కొన్నే ఉన్నాయి. క్లాసుని 15, 16 కింద రెండు చెయ్యాలి. లేదా మిగిలిన పిల్లల్ని పక్క తరగతితో కలిపి కూర్చోబెట్టాలి. లేదా సీటు లేదని పంపెయ్యాలి. లేదా "ఈ పిల్లాడు మినహాయింపు" అని రాసుకోవాలి. ఇంగ్లండు నిబంధనల్లో మినహాయింపుల జాబితా ఉంది, కవలల్లో రెండో పిల్లో, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలో వస్తే 30 దాటినా తప్పు కాదు. అది న్యాయమే. జాబితా ఎంత పొడుగుందో, ఎవరు నిర్ణయిస్తారో మాత్రం చూడండి.

ఇజ్రాయెల్‌లో చాలాకాలం పరిమితి 40గా ఉండేది. అంటే 40 మంది చేరితే ఒక్క క్లాసు, 41 మంది చేరితే 20, 21గా రెండు క్లాసులు. ఈ ఒక్క పేరు తేడాని ఆధారం చేసుకుని జోషువా యాంగ్రిస్ట్, విక్టర్ లావీ అనే ఆర్థికవేత్తలు 1999లో ప్రచురించిన పరిశోధనలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి చిన్న క్లాసువల్ల మార్కులు పెరిగాయని తేలింది. సరదా ఏంటంటే, అదే పద్ధతిలో కొత్త డేటాతో 2019లో వాళ్లే మళ్లీ చూస్తే ఆ లాభం కనపడలేదు, పైగా గీత దాటేలా నమోదు సంఖ్యని సర్దుతున్న జాడలు బయటపడ్డాయి. కాబట్టి నమోదు లెక్క ఏ తేదీన తీస్తారో, ఆ తేదీ తర్వాత చేరిన పిల్లల్ని ఏ లెక్కలో వేస్తారో ముందే కనుక్కోండి. అంకె మీద డబ్బో పోస్టో ఆధారపడి ఉంటే ఆ అంకె కాస్త వంగుతుంది, ఏ దేశంలోనైనా.

టీచర్లు ఎక్కణ్ణుంచి, గదులు ఎక్కణ్ణుంచి?

కాలిఫోర్నియా కథ తెలిస్తే ఈ భాగం మీరు వదిలిపెట్టరు. 1996 వేసవిలో నిర్ణయం తీసుకుని, ఆ ఏడాదే మొదలుపెట్టి, మూడో తరగతి దాకా 20 మంది లోపు ఉంచే స్కూళ్లకి మొదటి ఏడాది పిల్లకి 650 డాలర్లు ఇచ్చారు. ఎవరు వద్దంటారు? స్కూళ్లన్నీ ఒకేసారి టీచర్ల కోసం పరిగెత్తాయి. అన్ని వేలమంది శిక్షణ పొందినవాళ్లు దొరకలేదు, పూర్తి అర్హత లేనివాళ్లని తీసుకున్నారు. అనుభవం ఉన్న టీచర్లు పేద ప్రాంతాల స్కూళ్లు వదిలి, కొత్తగా ఖాళీలు పడిన మంచి ప్రాంతాలకి వెళ్లిపోయారు. లైబ్రరీ గదులు, సంగీతం గదులు క్లాసులైపోయాయి. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దక్కింది. పదేళ్లకి పైగా గడిచాక బడ్జెట్ కష్టాలొచ్చి నిబంధనలు సడలించగానే క్లాసులు మళ్లీ పెరిగాయి.

ఫ్రాన్స్ ఇంకోలా చేసింది. 2017 సెప్టెంబరులో దేశం మొత్తం మీద పడకుండా, అన్నిటికంటే వెనుకబడిన ప్రాంతాల స్కూళ్లలో మొదటి తరగతిని సుమారు 12 మందికి తగ్గించి, తర్వాత రెండో తరగతికీ మిగతా పేద ప్రాంతాలకీ విస్తరించింది. అక్కడా గదులు చాలని చోట ఒకే గదిలో ఇద్దరు టీచర్లని పెట్టారు. ఆ టీచర్లలో కొందరిని, అదనపు టీచర్ల కోసం అంతకుముందే నడుస్తున్న వేరే పథకం నుంచి తీసుకొచ్చారు. అయినా కాలిఫోర్నియా కంటే ఈ పద్ధతే తెలివైనదని నా అభిప్రాయం, ఉన్న కొద్దిమందినీ అవసరం ఎక్కువున్న చోట పెట్టారు కాబట్టి.

మీరు అడగాల్సినవి ఇవి: మంజూరైన పోస్టులు ఎన్ని, అందులో ఖాళీలెన్ని, కొత్త నియామకాలు ఎప్పుడు, అవి పూర్తయ్యేదాకా ఎవరు చెప్తారు, కొత్త టీచరు ఏ స్కూలు నుంచి వస్తున్నారు. భారత విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం స్కూల్లో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప వేరే చదువేతర పనులకి టీచర్లని పంపకూడదు. నిష్పత్తి గురించి మాట్లాడే వాళ్లెవరూ ఈ రెండు సెక్షన్ల గురించి మాట్లాడరు, కానీ గదిలో టీచరు ఉండేలా చూసేవి ఇవే. ఇక గదుల విషయంలో, న్యూయార్క్ నగరం కోసం 2022లో తెచ్చిన చట్టం మూడో తరగతి దాకా 20, ఎనిమిది దాకా 23, ఆపైన 25 అని 2028 వరకు గడువు పెట్టి, స్థలం లేకపోతేనో అర్హత ఉన్న టీచర్లు దొరకకపోతేనో మినహాయింపు అడగొచ్చని కూడా రాసింది. మీ దగ్గరి ఉత్తర్వులో "వనరులను బట్టి", "వీలైనంత మేరకు" లాంటి మాటలుంటే అవే మీ మినహాయింపులని అర్థం చేసుకోండి.

సంఖ్య తగ్గాక క్లాసులో ఏం మారింది?

పశ్చిమ కెన్యాలో జరిగిన ఒక ప్రయోగంలో అదనపు కాంట్రాక్టు టీచర్ని ఇచ్చి, మొదటి తరగతిలో సగటున 82 మంది ఉన్న చోట 44 దాకా తగ్గించారు. పాత ప్రభుత్వ టీచర్ల దగ్గరే ఉండిపోయిన పిల్లలకి చెప్పుకోదగ్గ లాభం రాలేదు, ఆ టీచర్లు క్లాసుకి రావడం తగ్గించేశారు. స్కూలు కమిటీలకి శిక్షణ ఇచ్చి పర్యవేక్షణ అప్పగించిన చోట ఫలితం మెరుగ్గా ఉంది. దీన్ని టీచర్లని తిట్టడానికి వాడుకోవద్దు. సంఖ్య తగ్గిన తర్వాత కూడా కమిటీ కళ్లు తెరుచుకుని ఉండాలని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది. టీచర్ని మర్యాదగా అడగండి: ఇప్పుడు చిన్న గుంపులుగా కూర్చోబెట్టగలుగుతున్నారా, ఒక్కో పిల్ల చేత రోజూ గట్టిగా చదివించగలుగుతున్నారా, లేదంటే ఏం అడ్డొస్తోంది?

ఉత్తరం ఎలా రాయాలి?

ఒక పేజీ దాటొద్దు. కోపం వద్దు, సామెతలు వద్దు. ఇలా ఉంటే చాలు:

"మా స్కూల్లో రెండో తరగతి రిజిస్టర్‌లో 47 పేర్లున్నాయి. ఈ నెలలో మూడు బుధవారాలు చూసినప్పుడు 41, 43, 42 మంది హాజరయ్యారు. టీచరు ఒక్కరే. ప్రభుత్వం ప్రకటించిన పరిమితి 30. మంజూరైన పోస్టులు, ఖాళీలు, డిప్యుటేషన్ మీద వెళ్లినవారి వివరాలు, రెండో సెక్షన్ ఎప్పుడు మొదలవుతుందన్న సమాచారం రాతపూర్వకంగా ఇవ్వగలరు."

ముందు హెడ్‌మాస్టర్‌కి ఇచ్చి, నకలు మీద సంతకమూ తేదీ వేయించుకోండి. తర్వాత పై విద్యాశాఖ ఆఫీసుకి. ఒక్కరి పేరుతో కాకుండా కమిటీ తీర్మానంగా పంపితే దాన్ని పక్కన పడెయ్యడం కష్టం. భారతదేశంలో అయితే స్కూలు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్తోంది, అంటే తీర్మానం మీ చేతిలోనే ఉంది. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 2005 చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తులో "ఎందుకు" అని అడగొద్దు, "ఎన్ని", "ఎప్పుడు", "ఏ ఉత్తర్వు నంబరు" అని అడగండి. అభిప్రాయం అడిగితే తప్పించుకోవడానికి వీలుంటుంది, రికార్డు అడిగితే ఉండదు.

టైమింగ్ కూడా ముఖ్యం. టీచర్ల సర్దుబాటు, బదిలీలు అయిపోయాక ఎంత గట్టిగా అడిగినా "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. నమోదు లెక్క తీసే తేదీకి ఒకటి రెండు నెలల ముందే మీ కాగితం వాళ్ల బల్ల మీద ఉండాలి. పోస్టు మంజూరైందని కబురొస్తే అక్కడితో ఆగకండి, కొత్త టీచరు స్కూల్లో చేరిన తేదీ, ఏ తరగతికి వేశారన్నది రాసుకుని, మళ్లీ ఒక మామూలు బుధవారం వెళ్లి తలలు లెక్కపెట్టండి.